ఘనాపాఠిగారి గొంతులో చప్పట్లు

దువ్వూరివారి సావరం నుంచి కొత్తపేట ఎంత దూరమని ఆ ఊళ్లో ఎవరినడిగినా నాలుగు కిలోమీటర్లని ఒకే మాట చెబుతారు. శరభయ్య ఘనాపాఠిగారి గొంతు ఎంత దూరం పోతుందని అడిగితే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. కాలవ లాకుల దాకా అంటారు కొందరు. లాకులు దాటి కొబ్బరికాయల రాశుల దాకా అంటారు ఇంకొందరు. ఎవరి లెక్క ఎలా ఉన్నా, మైకు లేకుండా నాలుగు వందల మందికి వేదం వినిపించిన మనిషి ఆ చుట్టుపక్కల పదూళ్లలో ఆయనొక్కరే. ఇందులో ఎవరికీ తగాదా లేదు.

ఆయన సాధించినవన్నీ వరసగా చెప్పుకోవలసిందే. అయిదో తరగతితో ఊరి బడికి దణ్ణం పెట్టి, తొమ్మిదో ఏట గురువుగారి అరుగెక్కారు. పందొమ్మిదో ఏటికల్లా ఎనభై రెండు పన్నాలూ, అంటే కృష్ణయజుర్వేదం మొత్తం, పుస్తకం ముట్టుకోకుండా అప్పగించారు. ఇరవై మూడో ఏట, పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పే ఘన పరీక్ష. కూర్చున్న పరీక్షాధికారులు ముగ్గురు, అడిగిన చోట్లు ముప్పై, తడుముకున్నవి సున్నా. కుడిచేతికి సింహం తలల వెండి కడియం, సింహతలాటం, తొడిగింది ఆ రోజే. అప్పటినుంచి ఇప్పటిదాకా కప్పించుకున్న శాలువాలు నూట పద్నాలుగు. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉన్నాయి, కావలసినవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

కానీ డెబ్భై ఒకటో ఏట ఆయన మనసంతా శాలువాల మీద లేదు, పన్నెండు అనే అంకె మీద ఉంది. గురువుగారు పోయేముందు ఆయన చెయ్యి పట్టుకుని, పన్నెండు మందిని ఘనాపాఠీలను చెయ్యాలిరా అని మాట తీసుకున్నారు. పదకొండు మంది అయ్యారు. ఒకరు వాడపల్లిలో ఉన్నారు, ఇద్దరు హైదరాబాదులో ఉన్నారు, ఎక్కడున్నా తమ పేరు ముందు శరభయ్యగారి పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. పన్నెండోవాడు ఆలమూరు అర్చకుల ఇంటి పిల్లవాడు దీక్షిత్. ఇరవై మూడేళ్లవాడు. ఎనిమిదేళ్లుగా శరభయ్యగారి ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. వచ్చే మార్గశిరంలో రాజమండ్రి సభలో అతనికి ఘన పరీక్ష. అది దాటితే శరభయ్యగారి మాట చెల్లిపోయినట్టే.

సరిగ్గా అప్పుడే, ఆశ్వయుజ మాసంలో, ఆయన గొంతు పోయింది.

ఒక్కసారిగా పోలేదు. ముందు పొద్దుటిపూట బొంగురుపోయింది. తరవాత మధ్యాహ్నం కూడా పోయింది. ఆ తరవాత స్వరం ఎత్తిన చోట గాలి వచ్చేది, శబ్దం వచ్చేది కాదు. భార్య కామాక్షమ్మగారు మిరియాల కషాయం ఇచ్చారు, బుగ్గన కరక్కాయ పెట్టించారు, పటికబెల్లం చేతిలో పెట్టి పంపారు. ఏదీ పనిచెయ్యలేదు. దగ్గర్లో ఉన్న డాక్టరు ఒకాయన నోట్లో అద్దం పెట్టి చూసి, లోపల రెండు పొక్కులున్నాయి, వేదం చెప్పడం మానెయ్యాలి అన్నారు.

"ఎన్నాళ్లండీ" అన్నారు శరభయ్యగారు, ఉన్న గొంతుతో.

"ఎన్నాళ్లని కాదండి. ఇహ అసలు వద్దు."

ఇంటికొచ్చి ఆయన ఆ పూట అన్నం తినలేదు. పదకొండు మంది దగ్గర ఆగిపోతే గురువుగారికి ఏం చెప్పుకోవాలి? వాడపల్లిలో ఉన్న శిష్యుడు విషయం విని ఫోను చేశాడు. కాకినాడలో సుస్మిత అని ఒక గొంతు డాక్టరు ఉన్నారట. కొత్తరకం కెమెరా ఒకటి పెట్టుకుని, మనిషి మాట్లాడేటప్పుడు గొంతులో మడతలు ఎంత బలంగా గుద్దుకుంటాయో కొలుస్తున్నారట. బడిపంతుళ్లనీ, పాటగాళ్లనీ, వీధుల్లో చేపలమ్మేవాళ్లనీ పిలిచి చూస్తున్నారట. వేదం చెప్పే గొంతు ఇంతవరకూ దొరకలేదట.

"దొరకలేదుట" అని శరభయ్యగారు కామాక్షమ్మగారి వైపు చూశారు. ఆ ఒక్క మాటతో ఆయనకు సగం ఓపిక వచ్చింది.

మర్నాడు కారు మాట్లాడుకుని, దీక్షిత్‌ని కూడా తీసుకుని ముగ్గురూ బయలుదేరారు. దారిలో మాట్లాడకూడదని భార్య ఆజ్ఞ. జొన్నాడ వంతెన దాటారు, ఆలమూరు దాటారు. మండపేటలో బియ్యం లారీల వెనక అరగంట ఇరుక్కున్నారు. ఆ అరగంటా ఆయన నోరు మూసుకుని, ఎటు తప్పుకుని వెళ్లాలో డ్రైవరుకు చేత్తో చూపిస్తూనే ఉన్నారు. డ్రైవరు ఆ చెయ్యి చూసి మూడుసార్లు బ్రేకు వేశాడు.

సుస్మితగారు ముప్పై అయిదేళ్ల మనిషి. ఊరు రాజోలు వైపు. ఆమె పక్కన కెమెరా చూసుకునే సాలమోను అనే ఆయన ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు.

"మీ గొంతులో రెండు మడతలుంటాయండి, పెదాల్లాగ" అని మొదలుపెట్టారు ఆమె. "మీరు నోరు విప్పినప్పుడల్లా అవి రెండూ కలుసుకుని విడిపోతుంటాయి. చప్పట్లు కొట్టినట్టు. సెకనుకి నూట ఇరవై, నూట ముప్పై సార్లు."

"సెకనుకే?"

"ఆయ్."

శరభయ్యగారు కాసేపు లెక్క వేసుకున్నారు. "అయితే నా గొంతు అరవై ఏళ్లుగా నాకు చప్పట్లు కొడుతోందన్నమాట."

"కొడుతోందండి. ఎంత గట్టిగా కొడుతోందన్నదే మనం చూడాలి. రెండు చేతులూ మెల్లిగా తడితే ఏం కాదు. చరిచి చరిచి కొడితే అరిచేతులు కందుతాయి కదండీ. అలా కందీ కందీ మీకు పొక్కులొచ్చేయి. ఏం చేసేటప్పుడు చరుస్తున్నారో తెలిస్తే, అది మాన్పించి మిగిలింది ఉంచొచ్చు. అంతా మానెయ్యక్కర్లేదు."

ఆ ఆఖరి మాటకు శరభయ్యగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఎలా తెలుస్తుందమ్మా?"

"ఈ కెమెరా సెకనుకి నాలుగు వేల బొమ్మలు తీస్తుందండి. మడతలు కలవబోయే ముందు ఎంత జోరుగా వస్తున్నాయో, కలిసేక ఎంత నలుగుతున్నాయో బొమ్మ బొమ్మకీ కొలుస్తాం. దాన్ని బట్టి దెబ్బ బలం ఎంతో కంప్యూటరు లెక్క కడుతుంది. సన్న గొట్టం ఒకటి ముక్కులోంచి లోపలికి దింపుతాను. అది ఉండగానే మీరు చెప్పుకోవచ్చు."

గొట్టం అనగానే ఆయన ముఖం మారింది. సాలమోను చేతిలో ఉన్న ఆ నల్లటి సన్న గొట్టాన్ని ఎగాదిగా చూశారు.

"బాబూ, ఇది ఇప్పటికి ఎన్ని ముక్కులు చూసొచ్చింది?"

"చాలానే చూసిందండి" అన్నాడు సాలమోను నిజాయితీగా. "కానీ ప్రతిసారీ మందులో అరగంట నానబెడతామండి. మళ్లీ మంచినీళ్లతో కడుగుతాం. నేను కూడా గ్లవుజులు లేకుండా ముట్టుకోనండి."

"విన్నారా" అన్నారు కామాక్షమ్మగారు. "మన వంటింట్లో కూడా ఇంత మడి లేదు. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ముక్కులో మందు చల్లి గొట్టం దింపారు. కళ్లవెంట నీళ్లు తిరిగినా కదల్లేదు. ఆ కెమెరా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది గానీ ఆఖరి ఎనిమిది సెకన్లే గుర్తుంచుకుంటుంది. సాలమోను కాలి కింద ఉన్న మీట తొక్కితే ఆ ఎనిమిది సెకన్లూ నిలబడిపోతాయి. తొక్కకపోతే జారిపోతాయి.

"రోజూ ఎలా చెబుతారో అలాగే చెప్పండి" అన్నారు డాక్టరు.

శరభయ్యగారు వెన్ను నిటారుగా పెట్టారు. ఉత్తరీయం సవరించుకున్నారు. కళ్లు మూసుకుని, బొంగురులోంచే ఒక పన్నం ఎత్తుకున్నారు. ఏ అక్షరానికి ఎంత ఊపిరి కావాలో అంతే ఇచ్చారు. గొంతు చెడిపోయినా పద్ధతి చెడిపోలేదు. సాలమోను మీట తొక్కాడు. మళ్లీ చెప్పించారు, మళ్లీ తొక్కాడు. పావుగంట తరవాత డాక్టరు తెర మీద లెక్కలు చూసి కనుబొమలు ముడిచారు.

"ఇంత మెత్తటి దెబ్బ నేను ఇంతవరకూ చూళ్లేదండి. చేపలమ్మే ఆవిడ గొంతు దెబ్బలో సగం కూడా లేదు. ఈ గొంతుకి పొక్కులెలా వచ్చేయో నాకు అర్థం కావడం లేదు."

"అంటే ప్రథమ శ్రేణేనా?" అన్నారు శరభయ్యగారు, ముక్కులో గొట్టంతోనే.

మూల కుర్చీలో ఉన్న కామాక్షమ్మగారు లేచి వచ్చారు. "అమ్మా, మీరు చూసింది ఈయన గొంతు కాదు. ఈయన పరీక్ష గొంతు. చిన్నప్పట్నించీ ఎదురుగా ఎవరైనా కూర్చుని కాయితం మీద రాసుకుంటుంటే చాలు, ఈయన పరీక్షకి కూర్చున్నట్టే. మా ఇంటికి జనాభా లెక్కలవాళ్లొచ్చినా పేరు ఇలాగే చెప్పేరు."

"కాదు" అన్నారు శరభయ్యగారు.

"ఔను. ఇంట్లో ఎలా చెబుతారో లాకుల దగ్గర నిలబడ్డవాళ్లనడగండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వేదం నేర్పేటప్పుడు గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు అంటాడు. దాన్ని సంత అంటారు. శిష్యుడి నోట స్వరం తప్పితే గురువు ఆపి దిద్దాలి. శరభయ్యగారు ఆపే పద్ధతి ఒకే ఒక్క మాట. ఆగు. ఆ ఆగు నోట్లోంచి రాదు, బొడ్డు దగ్గర బయలుదేరుతుంది. అది విని వీధిలో సైకిళ్లు ఆగిన రోజులున్నాయి. ఒకసారి కొబ్బరికాయల లారీని వెనక్కి నడుపుతున్న డ్రైవరు, తననే అన్నారనుకుని ఆగిపోయాడు. వెనక మురుగుబోదె ఉంది, ఆగబట్టి లారీ దక్కింది. దాన్ని కూడా శరభయ్యగారు తన ఘనతల్లో కలుపుకున్నారు.

డాక్టరుగారు ఇదంతా విని, "అయితే ఆ ఆగు ఒకసారి అనండి" అన్నారు.

ఆయన అన్నారు. పొరుగింటివాళ్లను కాఫీకి ఆగమన్నట్టుగా ఉంది.

"తప్పు వినపడకుండా అది రాదమ్మా" అన్నారు ఆయన, నిజంగానే నొచ్చుకుని.

అప్పుడు సుస్మితగారు దీక్షిత్‌నీ కామాక్షమ్మగారినీ వరండాలోకి పిలిచారు. "మీరు గురువుగారి ఎదుట కూర్చుని చెప్పండి. మధ్యలో ఒక తప్పు చెప్పండి. చాలు."

దీక్షిత్ ముఖం పాలిపోయింది. "కావాలని తప్పు చెప్పడమాండీ? వేదంలోనాండీ?"

"నాయనా" అన్నారు కామాక్షమ్మగారు, "ఎనిమిదేళ్లలో ఎన్ని వందలు చెప్పేవు. ఆయన కోసం ఇంకొక్కటి చెప్పలేవూ? ఇది తేలకపోతే నీకు పాఠం లేదు, నీ పరీక్ష లేదు, ఆయన మాట కూడా దక్కదు."

"ఆయ్" అన్నాడు అతను, ఉరికంబం ఎక్కేవాడిలా.

లోపలికెళ్లి గురువుగారికి నమస్కారం చేసి కూర్చున్నాడు. ఏ చోట తప్పు చెప్పాలో ముందే అనుకున్నాడు. మొదలుపెట్టాడు. ఆ చోటు దగ్గరికొచ్చింది. నోరు దానంతటది సరిగ్గా చెప్పేసింది. సాలమోను కాలు మీట మీద పెట్టి ఎదురుచూస్తున్నాడు. దీక్షిత్ ఇంకొక చోటు ఎంచుకున్నాడు. అక్కడా స్వరం చక్కగా పడింది. ఎనిమిదేళ్లు వద్దు మొర్రో అన్నా వచ్చిన తప్పు, ఈ రోజు బతిమాలినా రావడం లేదు. శరభయ్యగారు మాత్రం గొట్టం వెనక నుంచి మురిసిపోతూ తల ఊపుతున్నారు.

చివరికి దీక్షిత్, నావల్ల కాదు, అయ్యాక డాక్టరుగారికి చెప్పేద్దాం అనుకుని ఊపిరి వదిలాడు. తప్పు సంగతి మరిచిపోయి హాయిగా చెప్పుకుపోయాడు. నాలుగు వాక్యాలు దాటాయో లేదో, ఎత్తవలసిన స్వరాన్ని నిక్షేపంలా దించాడు. దించినట్టు అతనికే తెలియదు.

"ఆగు."

గది కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కగదిలో ఎవరి చేతిలోంచో స్టీలు పళ్లెం పడింది. సాలమోను పీట మీదనుంచి ఎగిరిపడ్డాడు. వరండాలో నడుస్తున్న రోగి ఒకాయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

మొదట తేరుకున్నది డాక్టరుగారు. "సాలమోనుగారూ, మీట తొక్కేరా?"

సాలమోను తన కాలి వైపు చూసుకున్నాడు. "తొక్కలేదండి. ఎగిరి దాని మీదే పడ్డాను."

ఎనిమిది సెకన్లూ దక్కాయి.

తెర మీద ముందు తీసినవీ, ఇవీ వరసగా నెమ్మదిగా నడిపించారు. శరభయ్యగారు తన గొంతును తాను చూసుకోవడం అదే మొదలు. పన్నం చెప్పేటప్పుడు ఆ రెండు తెల్లటి మడతలూ కాలవలో నాచు ఊగినట్టు వచ్చి, ఒకదాన్నొకటి ఆనుకుని, విడిపోతున్నాయి. ఆయన కళ్లు చెమర్చాయి. తరవాత ఆగు వచ్చింది. లాకు తలుపులు రెండూ ఒక్కసారి వదిలేస్తే ఎలా గుద్దుకుంటాయో అలా గుద్దుకున్నాయి. గుద్దుకున్న చోట మడత నలిగి, అంచు వెనక్కి ముడుచుకుపోయింది. పొక్కులున్నది సరిగ్గా అక్కడే.

"వేదం చెప్పేటప్పుడు దెబ్బ ఒక వంతనుకోండి" అన్నారు సుస్మితగారు. "ఆగు అన్నప్పుడు ఏడు వంతులు. మీకు వేదం వల్ల ఏం కాలేదండి. ఆ ఒక్క మాట వల్లే అయింది."

"నాలుగు వేల బొమ్మలు తీసేక తేలింది" అన్నారు కామాక్షమ్మగారు. "యాభై ఏళ్లుగా నేను ఒక్క బొమ్మైనా తియ్యకుండా ఇదే చెబుతున్నాను."

శరభయ్యగారికి ఒక కంట సంతోషం, ఒక కంట దిగులు. వేదం నిర్దోషి అని తేలింది. కానీ ఆగు లేకుండా పాఠం ఎలా? "మా గురువుగారు అనేవారమ్మా. వారి గురువుగారూ అనేవారు."

"వారి గొంతులు నేను చూళ్లేదండి. మీది చూసేను. మూడు వారాలు పూర్తిగా మౌనం. తరవాత రోజుకి రెండు గంటలు పాఠం చెప్పండి, ఇందాక నాకు చెప్పినట్టే. ఆగు మాత్రం ఇహ లేదు. అన్నారంటే పొక్కు మళ్లీ వస్తుంది, ఈసారి కోసి తియ్యాలి. అప్పుడు ఈ గొంతు ఇలా ఉంటుందని నేను చెప్పలేను."

మూడు వారాల మౌనమంటే కార్తీకం చివరికి. ఆ తరవాత సభకు ఇరవై రోజులే ఉంటాయి. అన్నాళ్లు పాఠం ఆపితే దీక్షిత్ పని అంతే. అందుకని కాకినాడ నుంచి వచ్చిన మర్నాడే శరభయ్యగారు అరుగు మీద కూర్చుని, చెప్పమని సైగ చేశారు. దీక్షిత్ మొదలుపెట్టాడు. పావుగంటకు ఒక తప్పు దొర్లింది. ఆయన మెడ నరాలు పొంగాయి. నోరు తెరుచుకుంది. లోపల వంటింట్లో కామాక్షమ్మగారు దగ్గారు. నోరు మూతపడింది. చేసేదిలేక ఆయన చూపుడువేలు పైకెత్తారు.

వేలు లేస్తే తప్పు ఉన్నట్టు. ఎక్కడుందో వేలు చెప్పదు. ఇదివరకు ఆగు అన్న వెంటనే సరైన స్వరం కూడా గురువుగారి నోటే వచ్చేది, శిష్యుడు పట్టుకునేవాడు. ఇప్పుడు దీక్షిత్ వెనక్కి వెళ్లి, ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ, గురువుగారి వేలు దిగేదాకా వెతుక్కోవాలి. మొదటిరోజు ఒక్క తప్పు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ శరభయ్యగారు వేలెత్తి కూర్చుని పడిన అవస్థ, అరవై ఏళ్ల చదువులో ఎన్నడూ పడలేదు. దీక్షిత్ సాయంత్రం కామాక్షమ్మగారి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"ఆ అరుపే నయమండీ. అరిస్తే అయిపోయేది. ఈ వేలు చూస్తుంటే అన్నం సయించడం లేదు."

"యాభై ఏళ్లలో ఆయన్ని మొదటిసారి నోరు మూయించేను. నన్ను పాడుచెయ్యకు నాయనా" అన్నారు ఆవిడ.

రెండో వారానికి ఇరవై నిమిషాలు అయిదయ్యాయి. మూడో వారానికి వేలు లేస్తుండగానే దీక్షిత్ సర్దుకుంటున్నాడు. మౌనం ముగిశాక ఆయన రోజుకు రెండు గంటలు, కాకినాడ గొంతుతో, మిగిలిన భాగం చెప్పారు. గొంతులో గాలి పోయి శబ్దం వచ్చింది. ఆగు మాత్రం రాలేదు. వేలే మిగిలింది.

మార్గశిరంలో సభ జరిగింది. ముగ్గురు పరీక్షాధికారులు, ఎదురుగా దీక్షిత్, ముందు వరసలో శరభయ్యగారు, సింహతలాటం తొడుక్కుని, నూట పద్నాలుగులో మంచిది చూసి కప్పుకుని కూర్చున్నారు. ఇరవై నాలుగు చోట్లు అడిగారు. అన్నీ ధారగా వచ్చాయి. ఇరవై అయిదో చోట దీక్షిత్ నాలుక ఒక స్వరం దగ్గర జారింది.

శరభయ్యగారికి బొడ్డు దగ్గర ఆగు బయలుదేరింది. అది గొంతు దాకా వచ్చేసరికి దీక్షిత్ తనంతట తానే ఆగి ఉన్నాడు. ఆగినవాణ్ణి మళ్లీ ఆగమనడానికి ఏముంది? ఒళ్లో వేలు మాత్రం లేవబోయింది. సభలో గురువు సైగ చేస్తే పరీక్ష చెల్లదు. ఆయన రెండో చేత్తో ఆ వేలును గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

దీక్షిత్ కళ్లు మూసుకున్నాడు. నాలుగు అక్షరాలు వెనక్కి వెళ్లాడు. అరుగు మీద వెతుక్కున్నట్టే వెతుక్కున్నాడు. దొరికింది. అక్కడినుంచి ఎత్తుకుని చివరిదాకా ఎక్కడా ఆగలేదు. పెద్ద పరీక్షాధికారి కాగితం మీద రాసుకుని, పక్కాయనతో, "ఎవరూ అందించకుండా దిద్దుకున్నాడు. ఈ కాలంలో ఇది కనపడదు" అన్నారు. ఆ మాట శరభయ్యగారి చెవిన పడింది. పడేలాగే అన్నారు ఆయన కూడా.

ప్రథమ శ్రేణి. పన్నెండోవాడి చేతికి సింహతలాటం ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో కారు దిగగానే శరభయ్యగారు వీధి మధ్యలో నిలబడ్డారు. కొబ్బరి రాశుల దగ్గర కాయ ఒలుస్తున్నవాళ్లు కనిపిస్తున్నారు. లాకుల దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. అందరికీ ఒక్క కేకతో చెప్పేయాలని గుండె నిండా ఊపిరి పీల్చుకున్నారు.

వెనక కామాక్షమ్మగారు సంచీ కింద పెట్టి, చూపుడువేలు ఎత్తారు.

ఆయన ఆ ఊపిరిని మెల్లిగా వదిలి, అరుగు మీద కూర్చుని, ఎదురింటాయనతో మామూలు గొంతుతో మొదలుపెట్టారు. "పన్నెండండీ" అన్నారు. రాశుల దగ్గరవాళ్లకు ఏమీ వినపడలేదు. ఏమైందోనని ఒలుపు కత్తులు దింపి ఒకరు, ఇద్దరు, తరవాత అందరూ వచ్చారు. లాకుల నుంచీ వచ్చారు. అరుగు నిండింది, వీధిలో నిలబడ్డారు. వెనకవాళ్లు వినపడక, ఏవంటన్నారండీ అని ముందువాళ్లను అడుగుతున్నారు.

"తొందర లేదు" అన్నారు శరభయ్యగారు. "మొదట్నించీ చెబుతాను. దగ్గరికి రండి."